చెవి మేస్త్రి గెలిచిన ఆదివారం

చెవి మేస్త్రికి చెవులు తగ్గుతున్నాయన్న సంగతి ఆయన భార్యకు తెలుసు. తనకు తెలుసన్న సంగతి మాత్రం ఆమె ఆయన దగ్గర బయటపెట్టలేదు. ఫ్యాక్టరీలో చెవి పేరుతోనే పిలిపించుకునే మనిషితో, మీకు సరిగ్గా వినపడటం లేదని ఏ నోటితో చెప్పడం? అందుకని వెనక నుంచి పిలవడం మానేసింది. ఎదురుగా వచ్చి నిలబడి, ఆయన తలెత్తాకే మాట మొదలుపెట్టేది. ఎవరైనా తలుపు కొడితే తానే ముందు లేచేది. పొయ్యి మీద పాలు పొంగి చుయ్యిమన్నా, పక్కనే పేపరు చదువుకుంటున్న ఆయన కదలకపోతే, "నా మతి మండిపోనూ, మరిచేపోయాను" అని తప్పు తన నెత్తిన వేసుకునేది.

శనివారం ఆమె ముందుగదిలో కింద కూర్చుని మోటారు కాయిలు చుడుతోంది. రీవైండింగ్ షాపుల వాళ్ళు కాలిపోయిన మోటార్ల కొలతలు ఇచ్చి వెళితే, చేతిచక్రం మీద రాగితీగ చుట్టి పెట్టడం ఆమె పని. ఎడమచేతి వేళ్ళ మధ్య తీగ జారుతూ ఉంటుంది, కుడిచేయి చక్రం తిప్పుతూ ఉంటుంది, పెదవులు లెక్కపెడుతూ ఉంటాయి. గోడవారగా బల్ల మీద ఆయన పాటలు వినడానికి సొంతంగా కట్టుకున్న, గాజు వాల్వుల పాతకాలపు ఆంప్లిఫయర్ ఉంది. దాని ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ పెళ్ళైన కొత్తలో ఆమె చుట్టినవే. లెక్క తప్పితే పని మళ్ళీ మొదటికి వస్తుందని, చుట్టినంతసేపూ కొత్త మొగుణ్ణి నోరు మెదపనివ్వలేదు. ఆ మాట చెప్పుకుని ఇద్దరూ చాలాకాలం నవ్వుకునేవారు.

అప్పుడు మరిది వచ్చాడు. అతనూ అదే ఫ్యాక్టరీ, ఆఫీసులో గుమాస్తా. వచ్చినవాడు కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నయ్య లేడా?"

"బజారుకు వెళ్ళారు. రా, కూర్చో."

"రేపటి పందెం సంగతి తెలుసుగా వదినా?"

తెలియకేం. మేనేజరు కొత్తగా ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కొన్నాడు. క్యాంటీన్లో నలుగురి ముందూ, వాల్వులన్నీ పాత ఇనప సామాన్లవాడికి వేయాల్సిందే అన్నాడు. చెవి మేస్త్రి మెతకగానే, రెండూ పక్కపక్కన పెట్టి విన్నాక చెప్పండి సార్ అన్నాడు. అయితే ఆదివారం మీ ఇంట్లోనే తేల్చుకుందాం అన్నాడు మేనేజరు. ఆమె అప్పుడే గది దులిపి, కుర్చీలకు ఉతికిన గుడ్డలు కూడా వేసింది.

"పందెం పైపైకే" అన్నాడు మరిది గొంతు తగ్గించి. "హారన్లు తిరిగొస్తున్నాయి వదినా. బరబరమంటున్నాయట. అన్నీ అన్నయ్య టిక్కు పెట్టి పంపినవే. మేనేజరుకు అనుమానం తగిలింది. ఆంప్లిఫయర్లు వట్టి నెపం, అన్నయ్య చెవులు చూడ్డానికి వస్తున్నాడు."

ఆమె చేతిలో చక్రం ఆగింది. లెక్క పోయింది.

ఆ ఫ్యాక్టరీలో మైకు హారన్లు తయారవుతాయి. తయారైన ప్రతి హారన్నూ గోడలకు పరుపులు కొట్టిన చిన్న కాబిన్లో పెట్టి, అడుగుస్వరం నుంచి చెవులు చిల్లులుపడే కీచు దాకా పూర్తి బలంతో మోగిస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మోతలో ఎక్కడైనా బరబర ఉందేమో పట్టుకోవాలి. లేకపోతే చాక్‌పీసుతో టిక్కు, ఉంటే అడ్డగీత. ఆ మనిషే చెవి మేస్త్రి. చెవుల్లో దూది పెట్టుకుంటానని ఆయన ఒకప్పుడు అడిగితే, "చెవులు మూసుకుని వినేదేమిటయ్యా" అని అప్పటి మేనేజరు నవ్వాడు. ఆ మాట ఇప్పటికీ అక్కడ జోకుగా చెలామణీ అవుతోంది.

"తేలితే ఏం చేస్తారు?" అంది ఆమె.

"కాబిన్లోంచి లేపేస్తారు. ప్యాకింగులో పడేస్తారు. ఇన్నేళ్ళ పేరు వదినా! పెట్టెలకు మేకులు కొట్టుకుంటూ, దారిన పోయే ప్రతివాడి వెటకారం పడుతూ... అన్నయ్య తట్టుకోగలడా?"

మొగుడు పెట్టెల మధ్య వంగి కూర్చుని ఉండటం, ఎవడో వెనక నుంచి "చెవి మేస్త్రీ" అని అరవడం, ఆయనకు అది కూడా వినపడకపోవడం ఆమె కళ్ళకు కట్టింది. చుట్టిన తీగంతా విప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆదివారం పొద్దున మేనేజరు నవ్వుతూ దిగాడు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. గుమ్మంలో చెప్పులు విడిచి, ఇల్లు బాగుందన్నాడు, వాల్వుల మీద వంగి చూసి, చలికాలం దీని ముందు చేతులు కాచుకోవచ్చు మేస్త్రీ అని తానే నవ్వాడు. కొత్త ఆంప్లిఫయర్‌ను మరిది ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ముందువైపు పలక అద్దంలా మెరుస్తోంది.

మరిదికి ఇలాంటి పనుల్లో చెయ్యి తిరిగింది. రెండు ఆంప్లిఫయర్ల తీగలూ ఒక చెక్కపెట్టెలోకి తెచ్చి, అక్కడి నుంచి స్పీకర్లకు లాగాడు. పెట్టె మీద ఒకే మీట. కుడికి తిప్పితే వాల్వు, ఎడమకు తిప్పితే ట్రాన్సిస్టర్. ట్రాన్సిస్టర్ మోగేటప్పుడు వాల్వుది ఖాళీగా వదిలితే వదిన చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందని, దానికి భారంగా ఒక రెసిస్టెన్సు తగిలించాడు. ఆ తర్వాత మీటరు పట్టుకుని, రెండింటి మోతా సమానమయ్యేదాకా మేనేజరు ఆంప్లిఫయర్ వాల్యూమ్ మరను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇంత చాదస్తమెందుకయ్యా?" అన్నాడు మేనేజరు.

"ఏది ఆవగింజంత గట్టిగా మోగినా అదే బాగుందంటాం సార్. చెవి అంత మోసకారిది."

వాల్వులు వేడెక్కేదాకా ఆగారు. గదికి అడ్డంగా తాడు కట్టి దుప్పటి వేశారు. ఆంప్లిఫయర్లు, చెక్కపెట్టె తెర వెనక. స్పీకర్లు, కుర్చీలు తెర ముందు. మీట ఎవరు తిప్పాలన్న మాట వచ్చేసరికి మేనేజరే, "అమ్మగారు తిప్పుతారు" అన్నాడు. "తిప్పినా సరే, తిప్పకపోయినా సరే, ఆమె ఇష్టం. ఏది మోగుతోందో మేస్త్రి చెప్పాలి. ఆ తర్వాత అమ్మగారు అసలు సంగతి చెప్పాలి. ఏమ్మా, మీ ఆయన పక్షం వహించరు కదా?"

"ఏ ఇంట్లో భార్య భర్త పక్షం వహిస్తుంది సార్!" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. చెవి మేస్త్రి అందరి ముఖాలూ చూసి, కాస్త ఆలస్యంగా నవ్వాడు.

ఆమె తెర వెనక పెట్టె ముందేసుకుని కూర్చుంది. కుడిపక్క వాల్వులు ఎర్రగా వెలుగుతూ మోకాలికి వేడి తగిలిస్తున్నాయి. ఎడమపక్క మేనేజరు ఆంప్లిఫయర్ చల్లగా, ఒక పచ్చదీపంతో, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. దుప్పటికీ గోడకూ మధ్య సందులోంచి ఆయన ముఖం సగం కనపడుతోంది. మరిది రికార్డు మీద ముల్లు దించాడు. ఒక ఆడగొంతు, దాని వెనక తీగవాద్యం మొదలయ్యాయి.

మీట కుడికే ఉంది. వాల్వు. ఆమె కదపలేదు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తల కొంచెం వంచి, నాలుక మీద ఉప్పు చూసేవాడిలా చాలాసేపు విన్నాడు.

"ట్రాన్సిస్టర్" అన్నాడు.

అంత నిండుగా, ఇన్నేళ్ళుగా ఇంట్లో మోగుతున్న సొంత పెట్టెను కూడా పోల్చుకోలేనంతగా పోయాయా ఈయన చెవులు? తెర అవతల ఎవరూ కదలడం లేదు. ఆమె జవాబు కోసమే ఆగారు.

"అవునండీ. ట్రాన్సిస్టరే" అంది.

"అదిగో!" అన్నాడు మేనేజరు. "ఆ గాజులాంటి స్పష్టత చూశారా? నేనూ అదే అనుకున్నాను."

రెండోసారి ఆమె మీట ఎడమకు తిప్పింది. ఆయన విని విని, వాల్వన్నాడు. వాల్వే అంది ఆమె. ఆ ముద్దతనం ఇట్టే తెలిసిపోతోందన్నాడు మేనేజరు. ఆ తర్వాత ఆమెకు భయం పోయింది. ఆయన ఏదంటే అది. కుడికి ఉంటే ఎడమ అంది, ఎడమకు ఉంటే కుడి అంది. ఒకసారి చెప్పిన అబద్ధం తర్వాతి అబద్ధానికి దారి తుడిచి పెడుతుంది. ప్రతి జవాబుకు ముందూ ఆయన అంతసేపు ఆగడం చూసి, పాపం, ఎంత నటించాల్సి వస్తోందో అనుకుంది ఆమె. మధ్యలో ఒకసారి ఆయన కళ్ళు తెరిచి నేరుగా తెరకేసి చూశాడు. ఆమె సందు దగ్గర నుంచి వెనక్కి జరిగింది.

"అయ్యా, ఇక చాలు" అన్నాడు మేనేజరు చివరికి, తొడ చరిచి. "ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు! ఇంత చెవి పెట్టుకుని రిటర్నులకు మిమ్మల్ని అనుమానించామే. అవన్నీ లారీల కుదుపులకు చెడినవే అయ్యుంటాయి. మేస్త్రీ, సైరన్ల ఆర్డరు వచ్చింది. కాబిన్‌కు రెండో మనిషిని వేయాలా అని తర్జనభర్జన పడుతున్నాం. ఇంకెందుకు? మీరొక్కరే చాలు."

"సార్, నాకు..." అన్నాడు ఆయన.

"మొహమాటాలు వద్దు. ఈ చెవులు బంగారం."

ఆమె టీలు తెచ్చింది. చాలా రోజులకు ఆమె ముఖం విప్పారింది. మరిది గ్లాసు అందుకుంటూ కళ్ళతోనే ఆశ్చర్యపోయాడు. ఆయన మాత్రం ఆమె ముఖం చూడకుండా గ్లాసు తీసుకున్నాడు. తాగకుండా చల్లారబెట్టాడు.

సోమవారం సైరన్లు మొదలయ్యాయి. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఆమె ఎదురుగా నిలబడి భోజనం చేస్తారా అంటే, పెదవులు చూసి తల ఊపాడు. మర్నాడు ఆమె రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఆంప్లిఫయర్ మీట వేయలేదు. దాని మీద దుమ్ముగుడ్డ కప్పి ఉంచాడు. తాను అంత చేస్తే ఒక మంచిమాట అనడేమని ఆమె లోలోపల నొచ్చుకుంది. ఆ తర్వాత, ఓడిపోయి గెలిచిన మనిషికి సిగ్గుగా ఉండదా అని సర్దిచెప్పుకుంది.

బుధవారం మధ్యాహ్నం మరిది తన చెక్కపెట్టె పట్టుకుపోవడానికి వచ్చాడు. తీగలు చుట్టుకుంటూ నవ్వాడు.

"వదినా, ఒట్టు, ఎవరికీ చెప్పను. ఏదో మాయ చేశావు కదూ? కళ్ళు మూసుకుని నోటికొచ్చింది చెప్పినా సగం ఒప్పు, సగం తప్పు వస్తాయి. తప్పినవాటిని నువ్వు దిద్దావు. అవునా?"

ఆమెకు దాచుకోవాలనిపించలేదు. నాలుగు రోజులుగా గుండెల మీద మోస్తున్నది దించుకోవాలనిపించింది. "సగం కాదు బాబూ. అన్నీ తప్పే చెప్పారు."

"అన్నీనా?"

"ఒక్కటి కూడా కుదరలేదు. నాకు ఏడుపొచ్చింది."

మరిది చేతిలో తీగ చుట్ట ఆగిపోయింది. అతను మెల్లగా నేల మీద కూర్చున్నాడు. నవ్వు పోయింది.

"అన్నీ తప్పు చెప్పాలంటే, అన్నీ తెలిసుండాలి కదా వదినా" అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు చేరగిలబడింది. నాలుక మీద ఉప్పు చూసేవాడిలా అంతంతసేపు ఆయన విన్నది నటన కాదు. విని, పోల్చుకుని, అప్పుడు తిరగేసి చెప్పాడు.

"పోయిన నెల నన్నడిగాడు" అన్నాడు మరిది, నేలకేసి చూస్తూ. "చెవి తగ్గిందని కంపెనీయే తేలిస్తే ఏమవుతుందని. అదే గ్రేడులో, అదే జీతంతో ప్యాకింగుకు మారుస్తారన్నాను. తనంతట తానే కాబిన్ వద్దంటే ఏమవుతుందన్నాడు. ఇంటికి పొమ్మంటారన్నాను. వేరే ఎవరికోసమో అడుగుతున్నాడనుకున్నాను వదినా. నా బుర్ర గడ్డి తిని, నీ దగ్గరికొచ్చి పరువంటూ ఊదరగొట్టాను."

ఆ సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆమె చక్రం ముట్టుకోలేదు. ఆయన కుర్చీలో కూర్చున్నాక, తాను కూడా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అన్నీ తప్పే ఎందుకు చెప్పారు?"

ఆయన ఆమె పెదవుల మీద నుంచి చూపు తిప్పలేదు. చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు భయం వేసింది.

"ఓడితే ప్యాకింగుకు మారుస్తారని. మొదటిది నువ్వు ఒప్పనగానే, పోనీలే, ఒక్కసారికి మొగుడి పరువు కాపాడింది, రెండోది నిజం చెబుతుందిలే అనుకున్నాను. తర్వాత తెలిసింది, నేను ఏదన్నా నువ్వు ఒప్పంటావని. ఇక తప్పు చెప్పినా గెలుపే, ఒప్పు చెప్పినా గెలుపే. అడకత్తెరలో పోకచెక్క అయ్యాను."

"మీకు ఎలా తెలిసింది, ఏది ఏదో?"

"పైస్వరాలు పోయాయి. పిట్టలూ, గంటలూ, అవన్నీ పోయి చాలా కాలమైంది. కింది స్వరాలు ఇంకా ఉన్నాయి. మన ట్రాన్స్‌ఫార్మర్ అడుగుస్వరం దగ్గర కాస్త బద్ధకిస్తుంది. ఆ మేనేజరు పెట్టెకు ఆ బద్ధకం లేదు. నువ్వు చుట్టిందాన్ని నేను గుర్తుపట్టనా?"

ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. "నాతో ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"పాలు పొంగినప్పుడు నువ్వు నాతో చెప్పావా?" అన్నాడు ఆయన. ఆ మాటలో కోపం లేదు. "నువ్వు తెలియనట్టు ఉంటున్నావు. నేను వినపడుతున్నట్టు ఉంటున్నాను. ఆ మర్యాదే మన కొంప ముంచింది."

కంపెనీ డాక్టరు దగ్గరికీ వెళ్ళాడట. డాక్టరు ఎదురుగా నిలబడి, నేను చెప్పేది వినపడుతోందా అని మెల్లగా అడిగాడట. ఈయన అలవాటుకొద్దీ పెదవులు చూసి, ఆఁ అనేశాడట. అంతే, చెవులు భేషుగ్గా ఉన్నాయని రాసిచ్చారు. బయటి డాక్టరు మాత్రం ఆ గదిలో ఇంకో ఏడాది కూర్చుంటే మిగిలింది కూడా పోతుందన్నాడు. అది సైరన్ల ఆర్డరు రాకముందు.

"ఉన్నది కాస్త దాచుకుందామనుకున్నాను" అన్నాడు ఆయన. "నీతో మాట్లాడుకోవడానికి."

గురువారం ఆమె ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆయన వద్దన్నాడు. అయినా ఉతికిన బట్టలు కట్టుకుని, ఏం చెప్పాలో బస్సులో వల్లె వేసుకుంటూ వెళ్ళింది. మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. గోడల అవతల ఎక్కడో సైరన్ ఎక్కడం మొదలైంది. ఎక్కుతూ, ఎక్కుతూ, బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణికేదాకా ఎక్కింది. మేనేజరు మాట ఆపకుండానే లేచి కిటికీ తలుపు వేసి వచ్చాడు.

ఆమె అంతా చెప్పింది. ఏదీ దాచుకోలేదు. తన అబద్ధం, ఆయన తప్పులు, ఆ తప్పుల వెనక ఉన్నదీ.

మేనేజరు ఓపిగ్గా విన్నాడు. జాలిగా తల ఊపాడు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుసు. సైరన్ల పని కష్టమే. మొగుడు అలసిపోతున్నాడని ఏ భార్యకైనా ఉంటుంది. అంతమాత్రాన ఇంత పెద్ద కథ అల్లాలా?"

"కథ కాదండీ. వాల్వు మోగుతుంటే ట్రాన్సిస్టరన్నాను."

"నేను అక్కడే ఉన్నాను కదమ్మా!" అన్నాడు మేనేజరు. మొదటిసారి గొంతులో చిరాకు కనపడింది. "మేస్త్రి ట్రాన్సిస్టరన్నప్పుడల్లా నాకూ ఆ స్పష్టతే వినపడింది. వాల్వన్నప్పుడల్లా ఆ ముద్దతనమే వినపడింది. మేస్త్రిని పక్కన పెట్టండి, నా చెవులు కూడా అబద్ధమంటారా?"

ఔనంటే మేనేజరును అవమానించినట్టు, కాదంటే మొగుణ్ణి మళ్ళీ ఆ గదిలోకి నెట్టినట్టు.

"పోనీ, ఇంకోసారి పరీక్ష పెట్టండి. తెర వెనక ఎవరినైనా కూర్చోబెట్టండి."

"పెట్టి ఏం లాభం? కావాలనే తప్పు చెబుతాడని మీరే అంటున్నారు కదా. ఇక ఆయన తప్పు చెబితే నేనెలా నమ్మేది?" మేనేజరు లేచి నిలబడ్డాడు. "ఈ మాట నా దగ్గర అన్నారు కాబట్టి సరిపోయింది. పైవాళ్ళ చెవిన పడితే మోసం కింద లెక్క కడతారు. ఉద్యోగమే పోతుంది. వెళ్ళిరండమ్మా."

ఆమె గేటు బయట గోడ నీడన నిలబడింది. లోపల సైరన్ మళ్ళీ మళ్ళీ ఎక్కుతూ దిగుతూ ఉంది. ఆమె చెవులు మూసుకోబోయి, చేతులు దించేసుకుంది. ఆయన మూసుకోవడానికి లేనప్పుడు తాను మూసుకోవడం అన్యాయమనిపించింది. పని వదిలే వేళకు జనం గుంపులుగా బయటికొచ్చారు. ఆయన అందరికన్నా వెనక, దారి మధ్యలో నడుస్తూ వచ్చాడు. సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టి కొట్టి, తిట్టుకుంటూ పక్కనుంచి పోతున్నారు.

ఆమె దగ్గరికి వెళ్ళి, చేయి పట్టుకుని పక్కకు లాగింది. నలుగురిలో వినపడకూడదని మెల్లగానే అంది.

"నమ్మలేదండీ. తప్పంతా నాదే."

"ఏంటీ?" అన్నాడు ఆయన.

"వాళ్ళు నమ్మలేదు. తప్పు నాది."

"ఏంటీ?"

"తప్పు నాదీ!" అని అరిచింది. "నేను అబద్ధం చెప్పానూ! మిమ్మల్ని నేనే ఆ గదిలోకి తోశానూ!"

గేటు దగ్గరి జనం తిరిగి చూశారు. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆమె ముఖం కప్పుకుంది. ఆయన ఆమె చేతులు మెల్లగా కిందికి దించి, పెదవులు కనపడేలా చేసుకున్నాడు.

"పెదవులు చూస్తే మొదటిసారే అర్థమైంది" అన్నాడు. "నీ గొంతు ఇంకా ఎంత మిగిలిందో చూద్దామని మళ్ళీ మళ్ళీ అడిగాను."

"వినపడిందా?"

"చివరిది వినపడింది" అన్నాడు ఆయన.

బస్సు వచ్చింది. ముందు ఆమె ఎక్కి, ఆయనకు చేయి అందించింది.